హారతి పళ్లెం, పెట్రోలు ధార
ఆయుధ పూజ నాడు మిరప చేలో కలుపు తీసే ఇంజన్ను కడిగి వాకిట్లో పెట్టాను. ఎంత తుడిచినా పెట్రోలు వాసన పోలేదు. ట్యాంకు అడుగున బయట తడి లేదు. కింద పాత పేపరు పరిచి చూస్తే కార్బురేటరుకు వెళ్లే పైపులోంచి చుక్క రాలింది. పట్టుకోబోయేసరికి పైపు చీలి ధార కట్టింది. వేళ్లతో నొక్కిపట్టాను.

వెనక గంట మోగింది. మా అమ్మ కర్పూరం వెలిగించిన పళ్లెంతో వస్తోంది.

"ఆగమ్మా, పెట్రోలు కారతంది."

"వెలిగించినాక ఆపగూడదురా," అంటూ ఇంకా దగ్గరికొచ్చింది.

కోపం నెత్తికెక్కింది. అరిస్తే పళ్లెం జారవిడుస్తుందని గొంతు తగ్గించాను.

"ముందు గేటుకాడ ట్రాక్టరుకియ్యి. అది పెద్దదిగా."

"అదీ నిజమేలే," అని అటు తిరిగింది.

పెట్రోలుకు భయపడని మనిషి, వరస తప్పుతుందని భయపడింది.