పెద్దనాయన చెప్పిన నీళ్ల దారి

మొన్న పంజాగుట్టలో కంటి డాక్టరమ్మ నా కళ్లలోకి లైటు వేసి చూస్తూ, వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేవారని అడిగింది. తెలుగు టైపు చేసేదాన్నని చెప్పాను. ఏం టైపు చేసేవారని ఆమె మరి అడగలేదు గానీ, చుక్కల మందు వేసి బయట కూర్చోబెట్టిన ఆ ముప్పావుగంటా నేను కిటికీలోంచి రోడ్డు అవతలి భవనాన్నే మసక మసకగా చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడు దాని నిండా నగల దుకాణాలు. ఒకప్పుడు మూడో అంతస్తులో, గనులకు ప్లాన్లు వేసిచ్చే ఒక చిన్న ఆఫీసులో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను.

నా ఈడు వాళ్లకు ఆ భవనానికి దగ్గర్లోనే ఉన్న ఆనాటి అమీర్‌పేట గుర్తుండే ఉంటుంది. గోడ కనపడకుండా కంప్యూటరు కోర్సుల బోర్డులు, ఆ బోర్డుల కింద చేతిలో ఫైళ్లు పట్టుకున్న పిల్లలు, ఎవర్ని కదిపినా జావా మాటలే. మాది నేత కుటుంబం. మగ్గాలు ఆగిపోయాక ఊరొదిలి వచ్చి, మా ఆయన అక్కడే ఒక మెట్ల కింద కుట్టు మిషను వేసుకుని ఇంటర్వ్యూలకు పోయే పిల్లలకు ప్యాంట్లు కుట్టేవాడు. నేను టైపు నేర్చుకుని ఉండడం వల్ల ఆ ఆఫీసులో కుదిరాను. ఇంజనీర్లు ఇంగ్లీషులో లావుపాటి రిపోర్టు రాస్తే, ఊళ్లో సభ పెట్టి జనానికి వినిపించడానికి దాని సారాంశం పదిహేను పేజీలు తెలుగులో ఉండాలి. ఆ పదిహేను పేజీలే నా బతుకుతెరువు.

ఒకసారి నా బల్ల మీదికి వచ్చిన ఫైలులో, మూతపడిన ఒక ఓపెన్‌కాస్టు బొగ్గు గనిని, అంటే పైనుంచే గుంతలా తవ్వేదాన్ని, మళ్లీ తెరవాలని ఉంది. ఊరి పేరు రెండుసార్లు చదివాను. అది మా పెద్దమ్మ వాళ్ల ఊరు. పెద్దనాయన ఆ గనిలోనే కాంట్రాక్టరు కింద పంపు నడిపేవాడు. లోతు పెరిగేకొద్దీ నీళ్లు ఆగక, తోడే ఖర్చు గిట్టక కంపెనీ దాన్ని మూసేసింది. పంపులు ఆగాక గుంత చెరువులా నిండిపోయింది, పెద్దనాయన పత్తి చేలల్లో కూలికి పోసాగాడు. ఎప్పుడు కలిసినా, బాయి మళ్ల తెరుస్తరు బిడ్డా అనేవాడు. ఆ ప్రాంతంలో గనిని బాయి అనే అంటారు.

ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదని తెలిసీ, సంతోషం పట్టలేక ఆ సాయంత్రమే ఎస్టీడీ బూతు నుంచి ఊళ్లోకి ఫోను చేసి, పెద్దనాయనను పిలిపించి చెప్పేశాను. రెండో రోజు పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, మాకోసం సంచినిండా చిక్కుడుకాయలు పట్టుకుని దిగాడు. గని తెరవాలంటే ముందు నీళ్లు తోడాలి, తోడాలంటే ఆ గుంత సంగతి తెలిసినవాడు కావాలి, తెలిసినవాడు తనేనని ఆయన లెక్క. ఆ లెక్క నాకూ బాగానే తోచింది. వెంటబెట్టుకుని మా పెద్ద ఇంజనీరుగారి దగ్గరికి తీసుకుపోయాను.

ఇంజనీరుగారిది గోదావరి జిల్లా. ఆఫీసు బాయ్‌ని కూడా మీరు అని పిలిచే మనిషి. పెద్దనాయనకు కుర్చీ వేయించి మ్యాపు పరిచారు. పెద్దనాయనకు చదువు రాదు. వాగు ఎక్కడుందో, గుంత ఎక్కడుందో, నీళ్లు ఆపడానికి మధ్యలో పోయబోయే కట్ట ఎక్కడో నేను చూపించగానే మిగతాదంతా ఆయనకే అర్థమైపోయింది.

"సారూ, మీరు గీ దిక్కు కట్ట పోస్తే నీళ్లు ఆగవు. గవి వాన నీళ్లు గావు. వాగు అడుగునుంచి ఇసుక పొరల వడి వస్తయి. ఎండకాలంల సుత గదే జోరు. ఏండ్లకేండ్లు పంపు కాడ కూసున్న, నాకెర్కలేదా?"

"ఏంటండీ! ఇంత సంగతి పాత రిపోర్టుల్లో ఒక్కదాంట్లోనూ లేదే," అంటూ ఇంజనీరుగారు పెన్ను తీసి, ఆయన వేలు పెట్టిన చోటల్లా గుర్తులు పెట్టుకున్నారు. టీ తెప్పించారు. పని మొదలైతే మీ పేరు చెబుతానని మాట కూడా ఇచ్చారు. ఆ మధ్యాహ్నం పెద్దనాయన మా ఆయన మిషను పక్కన కూర్చుని, కొలతలివ్వడానికి వచ్చిన పిల్లలందరికీ ఆ కథ వినిపించాడు. ఆయన్ని అంత సంతోషంగా నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

రెండు నెలలకు మార్చిన ప్లాను వచ్చింది. ఆయన చెప్పిన చోట బోర్లు వేసి చూస్తే అక్షరాలా నిజమని తేలిందట. కట్టతో ఆగదు కాబట్టి వాగునే పడమటికి మళ్లించాలని రాశారు. టైపు చేస్తూ చేస్తూ కొత్త కాలువ వెళ్లే దారి దగ్గరికి వచ్చేసరికి నా చేతులు ఆగిపోయాయి. అది పెద్దనాయన వాళ్ల వాడలో ముప్పై నాలుగు గడపల మీదుగా పోతోంది. పాత ప్లానులో ఆ వాడ జోలికే పోలేదు.

కాగితం పట్టుకుని ఇంజనీరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన నా మొహం చూసే గ్రహించారు.

"ఇంకో దారి లేదా సార్?"

"తూర్పున గుట్ట ఉందమ్మా. గుట్ట చుట్టూ తిప్పుదామని ఒక నోటు రాసి పంపాను, ఖర్చెక్కువని కంపెనీవాళ్లు తిప్పి పంపేశారు. గీసిచ్చేవాణ్ణే గానీ, తేల్చేవాణ్ణి కాదు గదమ్మా." ఆ మాట అంటున్నప్పుడు ఆయన నావైపు చూడలేదు.

నేను చేయగలిగింది ఒకటే కనిపించింది. ఇంగ్లీషులో మెత్తగా రాసినదాన్ని తెలుగులో "ఈ వాడను ఖాళీ చేయిస్తారు, ఇళ్లు కూల్చి కాలువ తవ్వుతారు" అని టైపు చేశాను. మా ఆఫీసు మేనేజరు చదివి ఎర్ర పెన్నుతో కొట్టేసి "ప్రభావిత ఆవాసమునకు పునరావాసము కల్పించబడును" అని రాసిచ్చాడు. మళ్లీ నేనే టైపు చేశాను. ఇద్దరు పిల్లల స్కూలు, ఇంటి అద్దె నా జీతం మీదే నడిచేవని చెప్పుకుంటే అది నిజమే, కానీ ఆ నిజం నాకు ఏనాడూ ఊరటనివ్వలేదు.

ఆదివారం బస్సెక్కి వెళ్లి స్వయంగా చెప్పాను. పెద్దనాయన అరుగు మీద కూర్చుని విన్నాడు. "నేను చెప్పకపోతే?" అన్నాడు.

"చెప్పకున్నా తెలుస్తుండె పెద్దనాయనా. బోర్లు ఏసిన్రు గద," అన్నాను. బోర్లు ఎక్కడ వేయాలో చూపించింది ఆయన వేలేనని ఇద్దరికీ తెలుసు. పెద్దమ్మ లోపలినుంచి మంచినీళ్లు తెచ్చి, ఏమైందని ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

చివరికి ఆయన అడిగిన మాట ఇది. "పంపుల పని సుత ఇయ్యరా మరి?"

ఊళ్లో సభకు నేను వెళ్లలేదు, వెళ్లే ధైర్యం లేక. పెద్దమ్మ తర్వాత చెప్పింది. నా పదిహేను పేజీలూ ఎవరో గడగడా చదివేశారట, ఎవరికీ ఏమీ అర్థం కాలేదట. అప్పుడు పెద్దనాయన లేచి, వాగు ఎటు మళ్లుతుందో, ఎవరెవరి ఇళ్లు పోతాయో ఒక్కొక్కరి పేరూ చెప్పి, నీళ్ల గుట్టు సార్లకు చెప్పింది తనేనని కూడా అనేశాడట. ఆఫీసర్లు అన్నీ రాసుకున్నారు. ప్లాను మారలేదు. పక్కింటివాళ్లు మాత్రం ఆయనతో మాట్లాడడం మానేశారు.

ఇంజనీరుగారు మాట తప్పలేదు. పెద్దనాయనకు పంపు పని ఇప్పించారు. ఏడాది చిల్లర తోడాక గుంత ఎండింది, ఆయన పని అయిపోయింది. ఈలోగా కాలువ కోసం ఇల్లు కూల్చేశారు, రోడ్డు పక్కన కాలనీలో నంబరేసిన రెండు గదులు ఇచ్చారు. ఆ తర్వాత ఎన్నిసార్లు రమ్మన్నా ఆయన మళ్లీ హైదరాబాదుకు రాలేదు. నన్ను ఒక్క మాట అనకుండానే పోయాడు. అన్నా బాగుండేది.

ఇప్పుడు తెలుగు టైపు చేయడం ఫోనున్న ప్రతివాడికీ వచ్చు, ఆ పనికి మనిషిని పెట్టుకునే అవసరం లేదు. మొన్న ఇంజనీరింగు చదివే మా అక్క మనవరాలు చెప్పింది, నేల కింద నీళ్లు ఎటు పోతున్నాయో ఆకాశంలోంచి ఉపగ్రహాలు తీసిన ఫోటోలతోనే కనిపెడుతున్నారట, ఊళ్లోకి వెళ్లి ఎవర్నీ అడగనక్కర్లేదట. ఎంత మంచిదో చూడమ్మమ్మా అంది. మంచిదేనేమో. అడిగేవాళ్లు ఉండరు గనుక, నా ఇంటి మీదికి నేనే దారి చూపించానని కుమిలిపోయే మనిషి కూడా ఇక ఉండడు. కాలువ మాత్రం వస్తుంది.