అవ్వ డబ్బాలోని జడ

పోయిన ఆదివారం పొద్దున ఫోను మోగింది. "మా అత్త పోయిందప్పా. నిద్రలోనే. మేడమీది పుస్తకాల పాపకు ఇయ్యాలని ఒక డబ్బా పెట్టి ఉండాది," అన్నాడు అవ్వ తమ్ముడి కొడుకు. ఏ డబ్బానో నేను అడగలేదు.

అవ్వ మా ఇంటి ఓనరమ్మ. మారతహళ్ళిలో ఆమె మేడమీద గదిలో నాలుగేళ్ళు అద్దెకున్నాను. నాకు మాటలు తక్కువ. సాయంత్రం నేను గేటు తీయగానే, "వచ్చిందప్పా మా మూగ గువ్వ! ఆ పుస్తకాలు మెట్ల మీద పెట్టి ముందు కాఫీ తాగు," అనేది. తాగేదాకా ఎదురుగా కూర్చునేది. మాట్లాడమని మాత్రం ఒక్కరోజూ అడగలేదు. ఆ ఊళ్ళో నాకు దొరికిన పెద్ద సుఖం అదే.

శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, కనకాంబరాలు కొని, బీరువాలోంచి పాత బిస్కెట్ల డబ్బా తీసేది. అందులో ఒక జడ ఉండేది. ఆమె చెల్లెలిది. పదహారేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి, తల బరువుగా ఉందక్కా అని ఏడిస్తే కత్తిరించారట. లేచాక సవరం చేయిద్దామని, జడ మొదలును ఎర్ర నూలు రిబ్బనుతో బిగించి దాచారు. చెల్లెలు లేవలేదు. అవ్వ ఆ జడకు కొబ్బరినూనె రాసి, చివర్లు దువ్వి, పక్కన పూలు పెట్టి మూత వేసేది.

కలరా ఉండలు వేయమని ఒకసారి అన్నాను.

"దానికి ఆ వాసన పడదు పాపా," అంది. పడేది కాదు అనలేదు.

జడ ఏటేటా పొట్టిదవుతూ వచ్చింది. "నడుము దాకా ఉండేది. ఇప్పుడు చూడు, జానెడు లేదు. బరువని అదే వచ్చి కత్తిరించుకోని పోతా ఉండాది. కత్తెర చప్పుడు నాకు వినిపిస్తాది," అంది, పాలు విరిగాయని చెప్పినంత మామూలుగా.

బీరువా ఉన్న ఆ గది కిటికీ గట్టుమీద నువ్వుగింజంత గుండ్రటి పురుగులు తిరిగేవి. వేలు తగిలితే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుండేవి. కాసేపటికి లేచి మళ్ళీ వెలుతురు వైపే నడిచేవి. డబ్బా అడుగున మాత్రం చారల చారల పొట్టు ఉండేది. నూగుతో సహా పురుగు ఆకారం అలాగే నిలిచి, లోపల ఏమీ లేని పొట్టు.

లైబ్రరీలో వెతికాను. ఇంగ్లీషులో కార్పెట్ బీటిల్ అంటారు. పెద్ద పురుగు పుప్పొడి తింటుంది, పూలతో ఇంట్లోకి వస్తుంది. దాని పిల్లపురుగు చీకట్లో ఉండి ఉన్ని, పట్టు, వెంట్రుకలు తింటుంది. నూనె, చెమట అంటినవైతే మరీ ఇష్టం. పుస్తకం మూశాను. పూలు పెట్టిందీ, నూనె రాసిందీ అవ్వే. చెల్లెలిది అంటూ ఆమెకు మిగిలింది ఆ జడ ఒక్కటే.

నిజం దాచకూడదని కాన్వెంట్లో నేర్చుకున్నదాన్ని. చెప్పేశాను.

అవ్వ కాఫీ లోటా కింద పెట్టింది. "ఆ పురుగు కొరికేటప్పుడు చప్పుడు వస్తాదా?"

"రాదవ్వా."

"మరి నాకు వినపడేదేంది?"

ఇద్దరం డబ్బా ముందు కూర్చున్నాం. బయట బస్సు పోయింది. తర్వాత, సన్నగా, ఒక్కసారి, కత్తెర ఆడినట్టు వినిపించింది. అది ఎండకు కాగిన రేకు చప్పుడై ఉంటుందని అప్పటినుంచీ అనుకుంటూ వచ్చాను.

"నూనె, పూలు మానేస్తే ఈ జానెడూ నిలుస్తాదా?"

"నిలుస్తుంది. పూలు వద్దు. ఎండలో దులిపి, మూత గట్టిగా పెట్టాలి."

"చెప్పి మంచిపని చేస్తివి. నువ్వింక ఏమీ అనకుండా సుమ్నే ఉండు," అంది.

మరుసటి శుక్రవారం గుమ్మంలో నిలబడి చూశాను. నూనె గిన్నె మీద ఆమె చెయ్యి ఆగింది. తర్వాత ఎప్పటికంటే ఎక్కువే రాసింది. "దానిది అది తీసుకోనీ పాపా. ఇన్నేండ్లు పట్టుకోని ఉంటిని, చాలు," అంది నావైపు తిరక్కుండానే.

నిన్న బెళ్ళందూరులో ఇప్పుడు నేనుంటున్న గదికి ఆ డబ్బా వచ్చింది. కిటికీ పక్క బల్లమీద పెట్టి మూత తీశాను. ఒక్క వెంట్రుక లేదు. అడుగున పొట్టు, ఎండిన కనకాంబరాలు, ఎర్ర రిబ్బను. ఆ పురుగులు నూలు తినవు. ఆనాడు బిగించిన ముడి ఊడలేదు, జడంత లావు ఖాళీ చుట్టూ గుండ్రంగా నిలబడి ఉంది. చూస్తూ ఉండగానే ఆ ఖాళీలోంచి ఒక పురుగు బయటికి వచ్చి, వెలుతురు వైపు నడిచింది.