రత్నం ఫ్రీజర్ ఆగిపోయిన ఎండాకాలం

"ఈ గది కరెంటు ఎవరూ ముట్టుకోరు రత్నం. నాదీ మాట."

ఇరవై ఏళ్ల కిందట మా కాలేజీ సెక్రటరీ గారు ఫ్రీజర్ మీద చెయ్యి వేసి అన్న మాట ఇది.

నిన్న తెల్లవారగానే రత్నం భార్య సుగుణ చెల్లెమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, ఆయన వెళ్లిపోయారు" అన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ మాటే.

ఏడుపు రాలేదు. ఇంకా రాలేదు.

చల్లారిన కాఫీ వేడి చేసుకుని తాగాను. ఏమిటో, రుచి కూడా తెలియలేదు.

జీవరత్నం మా కాలేజీలో బయాలజీ చెప్పాడు. నేను తెలుగు. అతను ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పే మేస్త్రి గారి అబ్బాయి. బెంగళూరులో రిసెర్చ్ చేస్తున్నవాణ్ని సెక్రటరీ గారే పిలిపించారు, ఇక్కడే ల్యాబ్ పెట్టిస్తామని.

అతని సబ్జెక్టు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్. ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకు బుర్రకెక్కలేదు. వాళ్ల నాన్నగారి షెడ్డులో ఎక్కింది.

ఆ షెడ్డులో విప్పిన ప్రతి పార్టుకీ బైండింగ్ వైరు కట్టేవారు. ఒక రకం మెలిక వేస్తే తుక్కుకి. ఇంకో రకం వేస్తే లేత్‌కి, బాగుచేయించడానికి. తీగ మాత్రం ఒకటే. అది చూపిస్తూ రత్నం చెప్పాడు.

"కణంలోనూ ఇంతేరా మూర్తీ. యుబిక్విటిన్ ఆ తీగ. గొలుసులా కడతారు. ఒక రకంగా కడితే ఆ ప్రోటీన్ తుక్కుకే. ఇంకో రకంగా కడితే అలారం మోగుద్ది. వాపొస్తది, మంటొస్తది, కణం బతకడానికి చూస్తది."

"ఆ గొలుసు పడకపోతే?"

"అలారం మోగించాల్సిన ప్రోటీనే కణాన్ని చంపేస్తది."

"అయితే కట్టి ఉంచెయ్యొచ్చుగా?"

"విప్పకపోతే మంట ఆరదు. కట్టేవాడూ ఉండాలి, టైముకి విప్పేవాడూ ఉండాలి. నా పని ఆ విప్పే ఎంజైముల మీదే."

లోపల్నుంచి వాళ్ల నాన్నగారు కేకేశారు. "ముందు ఆ గేర్‌బాక్స్ విప్పరా నాయనా! కణాలు తర్వాత విప్పుదువుగాని."

ఆ ఎంజైముల కోసం ఏళ్ల తరబడి పెంచిన కణాలు, తీసిన శాంపిల్స్ బెంగళూరు నుంచి డ్రై ఐస్ పెట్టెల్లో తెచ్చుకున్నాడు. అన్నీ ఆ ఫ్రీజర్‌లోనే.

మన కాలేజీల అలవాటు అందరికీ తెలిసిందే. సెలవులివ్వగానే బ్లాకు మొత్తానికి మెయిన్ తీసేస్తారు, బిల్లు తగ్గుతుందని. అందుకే రత్నం వేరే లైను అడిగాడు. అక్కర్లేదన్నారు సెక్రటరీ గారు. మాట ఇచ్చారు.

ఆ వేసవిలోనే వాళ్ల నాన్నగారు పోయారు. జ్ఞాపకార్థ కూడిక వాళ్ల సొంతూరు ఉయ్యూరులో. రత్నం అక్కడే ఉండిపోయాడు.

తిరిగొచ్చాక గది తలుపు తీశాం. రోహిణీ కార్తె. నేలంతా నీళ్లు, ఒకటే వాసన. రత్నం ఒక ట్యూబు తీసి కిటికీ వెలుగులో చూశాడు. మళ్లీ దాని చోటులోనే పెట్టాడు. మూత మెల్లగా వేశాడు.

మెయిన్ తీయమన్నది సెక్రటరీ గారేనని అటెండర్ ఆయన ఎదుటే చెప్పాడు. ఆయన కాదనలేదు.

"ఫ్రిజ్జులో సామానే కదా రత్నం? ఎండలకి పాడవుతాయి. మళ్లీ తెప్పించుకో. బిల్లు పెట్టు, శాంక్షన్ చేస్తా."

"సరేనండీ" అన్నాడు రత్నం. చాక్‌పీస్ తీసుకుని క్లాసుకి వెళ్లిపోయాడు. రిటైరయ్యేదాకా అదే క్లాసు.

కొన్నాళ్లకి ఆ పనే వేరే దేశంలో ఎవరో చేసి పేపర్ వేశారు. నాకు చూపించి "కరెక్టుగా చేశార్రా" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత నేను సెక్రటరీ గారి నమస్కారానికి తిరిగి నమస్కారం పెట్టలేదు. రత్నం వెక్కిరించేవాడు. "ఒరేయ్, నీలో ఆ విప్పే ఎంజైము లేదురా. మంట ఆరకపోతే ముందు కాలేది నువ్వే."

పోయిన వారం కాలి పుండుతో హాస్పిటల్‌లో చేరాడు. "ఇన్ఫెక్షన్ కంట్రోల్‌కి వచ్చిందండీ, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఆగట్లేదు" అన్నాడు డాక్టరు. నాకు ప్రతి ముక్కా అర్థమైంది. అర్థమయ్యేలా చెప్పినవాడు వెంటిలేటర్ మీద ఉన్నాడు.

ఆ పని పూర్తయ్యుంటే రత్నం బతికేవాడని నేను అనను. అంత తెలివితక్కువవాణ్ని కాను. కానీ అతని పని అతనిదయ్యేది.

నిన్న సాయంత్రం సమాధుల తోటకి సెక్రటరీ గారు పెద్ద దండతో వచ్చారు. "రత్నం మా కాలేజీ ఆస్తి. ల్యాబ్ పెట్టించింది నేనే" అని పాస్టరు గారితో చెబుతున్నారు. చెల్లెమ్మ ఆయనకి కుర్చీ వేయించింది.

నేను పిడికెడు మట్టి వేసి వచ్చేశాను. చేతికి ఆ తడి తెలియలేదు.

వెళ్లిరా రత్నం. చల్లగా, ఎవరూ స్విచ్ ముట్టుకోని చోట ప్రశాంతంగా పడుకో.

నువ్వు విప్పమన్న ముడి నాకు చేతకాలేదు. ఆ మెయిన్ తీయించినాయన పేరు ఇంకెవరూ రాయరు. నేను రాస్తున్నాను.

కమలాకరరావు గారు.