జాబితాలో లేని మత్తు పొడి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను విజయవాడ కోర్టులో జూనియర్ లాయర్‌ని. నోరు పెద్దది, అనుభవం చిన్నది. కల్లులో కలిపే మత్తు పొడి మోశాడని పటమటలో ఒక ట్రాలీ ఆటో డ్రైవర్ని పోలీసులు పట్టుకున్నారు. కేసు రుజువైతే ఏళ్ళ తరబడి జైలే. ప్యాకెట్లలో ఏముందో తనకు తెలియదన్నాడు. బెయిలు ఇప్పించమని అతని భార్య పసిబిడ్డను చంకనేసుకుని రోజూ మా ఆఫీసుకి వచ్చేది.

ల్యాబ్ రిపోర్టులో ఉన్న రసాయనం పేరు నాకు నోరు తిరగలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మా అక్కకి చూపించాను. అన్నం తింటున్నదల్లా లేచి చెయ్యి కడుక్కుని, క్లాసులో అణువులు కట్టి చూపించే రంగు బంతులూ పుల్లలూ తెచ్చింది.

"ఇది నిషేధించిన నిద్రమందు," అని ఒక బొమ్మ కట్టింది. చివరి బంతి పీకి వేరే రంగుది గుచ్చింది. "ఇది మీవాడి పొడి. దానికి సొంత చెల్లెలే. మత్తూ అంతే ఎక్కుద్ది. మీ చట్టం ఏమంటోందే?"

చట్టం తెరిచాను. మత్తు పదార్థమంటే చివర్లో ఇచ్చిన జాబితాలో, అంటే షెడ్యూల్లో, పేరున్నదీ, దాని లవణాలూ, దానితో చేసిన మందులూ. అంతే! కొన్ని దేశాల్లో పోలిక ఉన్నా నేరమేనట. మన దగ్గర పేరు ఉండి తీరాలి. ఇద్దరం షెడ్యూలంతా గాలించాం. లేదు!

"ఆప్షన్లలో లేని జవాబుకి మార్కులెట్టా వేస్తారే?" అని అక్క చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి ఆనందంతో నాకు నిద్రే పట్టలేదు.

బెయిలు వాదనకి ఆ బొమ్మలు కూడా పట్టుకెళ్ళాను. "ఏంటమ్మా ఈ ఆటలు?" అన్నారు జడ్జిగారు. నేను ఆగితేగా! బంతి పీకాను, బంతి గుచ్చాను, షెడ్యూలు చదివాను. ప్రభుత్వం లాయరు గారు ఎంత విసుక్కున్నా వదల్లేదు. బెయిలు వచ్చింది!

జైలు గేటు బయట అతను బిడ్డను ఎత్తుకుని ముద్దులు పెట్టాడు. భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నాకు కాళ్ళు నేల మీద లేవు. అప్పుడు అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"లాయరు గారూ, అయితే ఆ సరుకు చట్టంలో లేనట్టే కదండీ? బయటికి రాగానే మళ్ళీ లోడు ఎత్తమన్నారు ఆ ప్యాకెట్లు పంపినవాళ్ళు. వేసుకోమంటారాండీ?"

ఆమె ఏడుపు ఆపి నా వైపే చూస్తోంది. కోర్టులో నేను గొంతు చించుకున్న దాని ప్రకారం జవాబు, వేసుకోవచ్చు. సంచిలోంచి చట్టం తీసి, ఆ పేరు ఎక్కడైనా ఉందేమోనని షెడ్యూలు మళ్ళీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టాను.