వెనక్కి పిలిచే బేరం

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైల్లో, ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నా ఒళ్ళోని కొత్త దుప్పటిని తడిమి చూసింది.

"రోడ్డు పక్కన కొన్నారా బాబూ? ఎంతకు తెగ్గొట్టారేంటి?"

"అడిగినంతా ఇచ్చానండి. మా ఇంట్లో బేరమాడే అలవాటు లేదు" అన్నాను.

ఒకప్పుడు బట్టల వర్తకులు మూటలతో మా వసారాకే వచ్చేవారు; వాళ్ళు చెప్పిన ధరే ఇచ్చేవాళ్ళం. ఆ ఇల్లు చేతులు మారి చాలా ఏళ్ళయింది. అలవాటు మాత్రం నాతోనే ఉంది.

ఆవిడ జాలిగా నవ్వింది. "అయ్యో, అసలు సరదా అంతా పోగొట్టుకున్నారే. సగానికి అడిగి, వద్దులే అని నడిచెళ్ళిపోవాలండి. నాలుగడుగులు వేసేసరికి 'పిన్నిగారూ రండి, మీ మాటే కానివ్వండి' అని పిలుస్తాడు. ఆ పిలుపు కోసమే నేను వారం వారం తెనాలి వస్తా. ఇంటికాడ నన్ను పిలిచేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి?"

నన్ను పిలిచేవాళ్ళూ ఎవరూ లేరు. ఆవిడ జంపని స్టేషన్లో దిగిపోయింది.

ఇప్పుడు నేనూ తువ్వాలు బేరమాడి, ధర కుదరలేదని ముందుకు నడుస్తాను. వెనకనుంచి "బాబాయిగారూ, రండి" అని వినిపిస్తుంది. వెంటనే తిరగను. రెండోసారి పిలిచేదాకా నెమ్మదిగా నడుస్తాను.