మీ దగ్గర ఎండా, వానా?

వీడియో ఆగిపోయిందని ఎవరు ఫోన్ చేసినా రిఫ్రెషక్క ముందుగా ఒకటే అడుగుతుంది. "మీ కిటికీ బయట ఎండా, వానా? వీడియోలో ఏం కనిపిస్తోంది, ఎండా, వానా?" కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అది విని ముసిముసిగా నవ్వుకుంటారు. నెట్ సంగతి కనుక్కోవాల్సిన మనిషి వాతావరణ విశేషాలు అడుగుతోందేమిటని వాళ్ల నవ్వు. నవ్వుకోనివ్వండి. ఆ ప్రశ్న ఆమెకు ఎక్కడ అంటుకుందో తెలిస్తే ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. వెనకటికి కేబుల్ టీవీ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే రోజుల్లో "డబ్బా ఆపి మళ్లీ వేయండి" అనేది. తర్వాత ఈ కంపెనీలోకి వచ్చాక "రిఫ్రెష్ కొట్టండి" అనడం మొదలుపెట్టింది. బొమ్మ గడ్డకట్టినా రిఫ్రెష్, మాట ముందూ పెదవి వెనకా అయినా రిఫ్రెష్. దానికీ లొంగకపోతే పక్కన తెరిచిన ట్యాబులన్నీ మూయించేది. బస్సు నడిపే ఇంటాయన ఊరుకుంటాడా? "కూర మాడిందే అంటే రిఫ్రెష్ కొట్టు అంటుంది మా ఆవిడ" అని డిపో అంతా చాటాడు. పేరు అలా అతుక్కుపోయింది.

కంపెనీ చేసే పనేమిటంటే, ఆసుపత్రి గదుల్లో కెమెరాలు పెడుతుంది. రాలేనివాళ్లు ఇంట్లో కంప్యూటర్ తెరిచి తమ మనిషిని చూసుకోవచ్చు. వీడియో పక్కనే చాట్ ఉంటుంది. అందులో ఇంట్లోవాళ్లు ఏం రాసినా, రోగి తల దగ్గరుండే చిన్న డబ్బా పైకి చదివి వినిపిస్తుంది. కళ్లు మూసుకుని పడుకున్నవాళ్లకు అది పెద్ద ఊరట. ఆ చదివేది గదిలోనూ ఆఫీసులోనూ వినపడుతుంది, ఇంట్లోవాళ్ల వీడియోలో మాత్రం వినపడదు. ఆ డబ్బా గొంతు మాత్రం ఎవరిదీ కాదు. ఏడుపైనా నవ్వైనా ఒకే తీరుగా, చల్లగా చదువుతుంది. రాత్రి డ్యూటీ ఆయాలు దాన్ని చూసి భయపడుతున్నారని ఎవరైనా అంటే రిఫ్రెషక్క పగలబడి నవ్వేది. దయ్యాలకు నెట్ కనెక్షన్ ఎవరిస్తారమ్మా అనేది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎండ మండిపోయింది. భోజనాల వేళకు ఆకాశం నల్లబడి, కుండపోతగా వాన మొదలైంది. రిఫ్రెషక్క టిఫిన్ డబ్బా మూత పెడుతుండగా ఫోన్ మోగింది. ఊళ్లోనే ఉన్న ఆసుపత్రి నుంచి వార్డు నర్సు.

"అక్కా, చివరి గదిలో డబ్బా దానంతటదే మాట్లాడుతోంది."

"దానంతటదే ఎందుకు మాట్లాడుతుందే? ఇంట్లోవాళ్లెవరో టైపు చేస్తుంటారు."

"ఎవరి కోసం చేస్తారు? ఆ పేషెంటు పోయాడక్కా. ఇందాకే కిందికి తీసుకెళ్లిపోయారు. ఖాళీ మంచాన్ని పట్టుకుని 'తమ్ముడూ, కోపంగా ఉందా' అని అడుగుతోంది. అది కూడా మూడేసి సార్లు. ఆయా చీపురు పారేసి బయటికి పరిగెత్తింది. నువ్వు ముందు ఆ గది మూసెయ్యి."

గది మూయడమంటే వాళ్ల భాషలో కెమెరా, డబ్బా రెండూ ఆపేయడం. ఆసుపత్రి గదుల్లో రికార్డింగులు దాచకూడదు. గడిచిన కొన్ని గంటల బొమ్మ మాత్రం యంత్రంలో ఉంటుంది. గది మూసిన క్షణాన అదీ తుడిచిపెట్టుకుపోతుంది.

"వాళ్లవాళ్లకు తెలుసా?" అంది రిఫ్రెషక్క.

"కొడుక్కి తెలుసు. మందులకని కిందికెళ్లి వచ్చేలోపు అయిపోయింది, పాపం. వాళ్ల మేనత్త ఒకావిడ ఇంట్లో ఉందట. ఫోన్లో చెప్పొద్దు, నేనే వెళ్లి చెప్తానని వానలోనే బయలుదేరాడు."

రిఫ్రెషక్క తన కంప్యూటర్లో ఆ గది తెరిచింది. మంచం ఖాళీగా ఉంది. కొత్త దుప్పటి సగం పరిచి వదిలేశారు. కిటికీ అద్దం మీద వాన ధారలు కడుతోంది. చీపురు నేల మీద అడ్డంగా పడి ఉంది. తలుపు సందులోంచి ఆయా ముఖం సగమే కనిపిస్తోంది. డబ్బా మీద పచ్చదీపం వెలిగింది.

"తమ్ముడూ. నేను రాలేకపోయానని. కోపంగా ఉందా."

ఆయా ముఖం మాయమైంది. కాస్త ఆగి డబ్బా మళ్లీ అదే మాట అంది. ఆ తర్వాత మళ్లీ. జవాబు కోసం ఆగినట్టు మధ్య మధ్య ఆగుతోంది. దయ్యాల మీద తాను వేసిన జోకులన్నీ రిఫ్రెషక్కకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తెర మూలన, ఈ గదిని ఒకరు చూస్తున్నారని ఉంది.

అప్పుడే రెండో లైను మోగింది. ముసలావిడ గొంతు, కానీ గట్టిగానే ఉంది.

"అమ్మాయ్, ఆసుపత్రి వీడియో చూస్తున్నా. వీడియో బాగానే వస్తోంది, ఆ పక్కన చాటే రావడం లేదు. నేను రాసింది నాకే కనపడదు. పోయిందో లేదోనని మళ్లీ మళ్లీ రాస్తున్నా."

గది వివరం అడగక్కర్లేకపోయింది. అయినా అడిగింది. అదే గది.

"వీడియో బాగానే వస్తోందా అమ్మా?"

"నిక్షేపంగా వస్తోంది. మా తమ్ముడు పడుకుని ఉన్నాడు. ఇప్పుడే కాళ్ల మీదికి ఎండొచ్చింది. దుప్పటి తన్నేశాడు చూడు, చిన్నప్పుడూ ఇంతే వెధవ."

రిఫ్రెషక్క కళ్ల ముందు ఖాళీ మంచం, నల్లటి కిటికీ. ఫోన్లో ఆవిడ ఇంటి పైకప్పు మీద వాన చప్పుడు. ఆవిడ కళ్ల ముందు మాత్రం ఎండ, ఎండలో కాళ్లు కదిలిస్తున్న తమ్ముడు. నాలుక చివరికి అలవాటైన మాట వచ్చేసింది. రిఫ్రెష్ కొట్టండమ్మా. కొడితే చాట్ వస్తుందో రాదో గానీ, వీడియో మాత్రం ఇప్పటికి వచ్చేస్తుంది. ఆ ఖాళీ మంచం ఆవిడ కళ్ల ముందుకు వస్తుంది. రిఫ్రెషక్క ఆ మాటను అక్కడే కరిచిపట్టింది.

"మధ్యలో వీడియో ఎప్పుడైనా ఆగిందామ్మా?"

"అది ఆగడమేంటి, నేనే ఆపుతా. మోకాలి ఆపరేషన్ అయింది నాకు. వాకర్ పట్టుకుని ఇంట్లో తిరగడమే గానీ మెట్లు దిగలేను. స్నానానికో, మంచినీళ్లకో లేవాలంటే యుగం పడుతుంది. వాణ్ణి అలా వదిలేసి పోతే బావుంటుందా? అందుకని ఆ రెండు గీతలున్న బొత్తాం నొక్కి వెళ్తా. వచ్చి మళ్లీ నొక్కితే ఎక్కడ వదిలానో అక్కణ్నించే ఉంటాడు. ఒక్క ముక్క కూడా పోదు."

పొద్దున్నుంచీ ఆవిడ లేచిన ప్రతిసారీ తమ్ముణ్ణి ఆపి వెళ్లింది. ఆ ఆగడాలన్నీ కూడి గంట పైనే అయ్యాయి. వీడియో కింద, బొమ్మ ఇప్పటిదేనని చెప్పే ఎర్ర చుక్క బూడిదరంగుకు తిరిగి ఉంటుంది. ఆ చుక్క ఎవరికి తెలుసు? ఆమె మాత్రం గంట కిందటి తమ్ముడితో మాట్లాడుతోంది. ఆ మాటలు ఇప్పుడే, ఈ క్షణానే, ఎవరూ లేని గదిలో పలుకుతున్నాయి.

"ఇంకోటి అమ్మాయ్. నవ్వకు. వాడికి నోరు పడిపోయింది. ఒక వేలెత్తితే అవును, రెండెత్తితే కాదు. ఆ ఆయాకు కూడా తెలుసు ఈ సంగతి. పొద్దున్నుంచీ నేనేమడిగినా వేలెత్తడు. నేను నోరు మూసుకుని కూర్చున్నప్పుడు ఎత్తుతాడు. ఇందాక నేను మాత్ర మింగుతుంటే ఎవరో పిలిచినట్టు కళ్లు తెరిచి ఒక వేలెత్తాడు. ఎవరికి చెప్పాడు? ఆ గదిలో ఎవరూ లేరు. నిజం చెప్పొద్దూ, భయమేసింది." కాస్త ఆగి మళ్లీ అంది. "నాకు ఒక్కటే కావాలి. నేను రాలేదని వాడికి కోపమో కాదో తెలియాలి. అదొక్కటి చెప్తే చాలు."

"లైన్లోనే ఉండండి. పేజీ ముట్టుకోకండమ్మా" అంది రిఫ్రెషక్క.

తన తెర మీద బొమ్మను వెనక్కి లాగింది. వాన వెనక్కి వెళ్లింది, ఎండ వచ్చింది, మంచం మీద మనిషి వచ్చాడు. చూస్తూంటే ఆమెకే ఏదో తప్పు చేస్తున్నట్టనిపించింది. డబ్బా ఆ ప్రశ్నను మొదటిసారి పలికిన చోట ఆపి, ముందుకు నడిపించింది. అతను కళ్లు తెరిచాడు. దుప్పటి మీద నుంచి కుడిచెయ్యి నెమ్మదిగా లేచింది. రెండు వేళ్లు. కెమెరా వైపు చూస్తూ అలాగే పట్టుకున్నాడు. చెయ్యి వాలింది. ఆ తర్వాత కాసేపటికి, ఏ ఊపిరి చివరిదో తెలియనంత మెల్లగా, అతను పోయాడు.

ఆవిడ వీడియోలో ఎండ పాదాల దగ్గరుంది. ఆ చెయ్యి లేచినప్పుడు మోకాళ్ల మీద ఉంది. అంటే ఆవిడకు జవాబు ఇంకా దారిలోనే ఉంది. రిఫ్రెష్ కొట్టినా, తాను గది మూసినా ఆ జవాబు మరి లేదు.

వెనక నుంచి సూపర్‌వైజర్ గొంతు. "ఆసుపత్రివాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. ఆ గది ఇంకా మూయలేదేం? మనిషి పోయిన గది తెరిచి ఉంచకూడదని నీకు కొత్తగా చెప్పాలా?"

రిఫ్రెషక్క మైకు మూసి, "అక్కగారు ఇంకా చూస్తోంది సార్. అతను బతికే ఉన్నాడు ఆవిడకి" అంది. ఆయన తెర మీది ఖాళీ మంచం వైపు చూశాడు, పక్కన వెలుగుతున్న ఫోన్ లైను వైపు చూశాడు. వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

"చాట్ బాగుచేయడానికి కొంచెం టైం పడుతుందమ్మా. ఈలోగా తమ్ముణ్ణి చూస్తూ ఉండండి. ఇక రాయకండి. ఆయన విన్నాడు."

"విన్నాడని నీకెలా తెలుసు?"

నోరు జారిందని అప్పుడు తెలిసింది. "మాకు ఇక్కడ కనిపిస్తుందమ్మా" అని సర్దింది. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఇద్దరూ అలా కూర్చున్నారు. ఒకామె రాబోయేదేమిటో తెలిసి, ఒకామె తెలియక. మధ్యలో వాన. ఈలోగా ఆ కొడుకు తలుపు తట్టకూడదని రిఫ్రెషక్క లోలోపల ఎవరెవరికో మొక్కుకుంది. ఒక మనిషి దుఃఖం ఆలస్యంగా రావాలని మొక్కుకోవడం ఆమెకు అదే మొదలు.

"అమ్మాయ్!" గొంతు ఒక్కసారిగా లేచింది. "లేపాడు. చెయ్యి లేపాడు. రెండు... రెండే కదూ?"

"రెండేనమ్మా."

"కాదన్నాడు. కోపం లేదన్నాడు." నవ్వింది, ఏడ్చింది, ముక్కు చీదుకుంది.

"అమ్మాయ్," అందావిడ చివరికి. గొంతు మారిపోయింది. "నేను జీవితమంతా కిటికీ పక్కన కూర్చుని బట్టలు కుట్టాను. వెలుగు పోతే సూదిలోకి దారం ఎక్కదు, అందుకని ఎండ ఎటు పోతోందో ఒక కంట కనిపెడుతూనే ఉంటా. ఆ ఆసుపత్రి మా వంటింట్లోంచి కనపడుతుంది. ఇక్కడ ఇంత వాన దంచుతుంటే, వాడి మోకాళ్ల మీద ఎండేంటి?"

రిఫ్రెషక్క తన తెర మీది వాన కిటికీ వైపు చూసింది.

"ఇది ఎప్పటి ఎండ, అమ్మాయ్?"

"ఇందాకటిదమ్మా. బాగా ఇందాకటిది."

"ఇప్పుడు ఆ మంచం మీద..." ఆవిడే ఆగిపోయింది. "వద్దులే. నిన్ను చెప్పొద్దని ఉంటారు. ఏం నొక్కాలో అది చెప్పు."

రిఫ్రెషక్క ముందుగా చాట్ సంగతి అందుకుంది. పైన మూలన ఎర్ర గుర్తు ఉంటుందని, అది ప్రకటనలను ఆపడానికి మేనల్లుడు పెట్టి ఉంటాడని, అదే చాట్‌కూ అడ్డం పడుతోందని, ముందు దాన్ని ఆపమని చెప్పింది. ఆవిడ ఆపింది. "ఆ తర్వాత పక్కన గుండ్రటి బాణం ఉంటుందమ్మా. అది..." ఇన్నేళ్లుగా తాను మంచినీళ్లలా వాడిన ఆ ఒక్క మాటా గొంతు దాటి రాలేదు.

"ఇదేనా," అని ఆవిడే నొక్కింది.

ఎండ పోయింది. వాన వచ్చింది. ఖాళీ మంచం వచ్చింది. పొద్దున్నుంచీ ఆగిపోయిన చాట్ అంతా ఒక్కసారిగా కుప్పగా వచ్చి పడింది. 'అత్తా, నా మెసేజ్ కనిపిస్తోందా?' 'అత్తా, నాన్న నీ మాట వినగానే కళ్లు తెరుస్తున్నాడు, రాస్తూ ఉండు.' 'అత్తా?' అన్నిటికన్నా కింద, 'అత్తా, నేనే వస్తున్నా. నేనొచ్చేదాకా ఆ వీడియో చూడకు.'

ఫోన్లో ఏడుపు లేదు. ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కుతున్న చప్పుడు ఉంది. రిఫ్రెషక్క తన తెర వైపు చూసింది. ఆయా ధైర్యం చేసి లోపలికొచ్చింది, చీపురు అందుకోబోతోంది. పచ్చదీపం వెలిగింది.

"సరేరా. ఇక పడుకో."

అదే చల్లటి గొంతు. ఆయా బిగుసుకుపోయింది. ఈసారి మాత్రం పారిపోలేదు. డబ్బాను చూసింది, మంచాన్ని చూసింది. ఏమనుకుందో, చీపురు వదిలేసి, తలెత్తి కెమెరా వైపు చూస్తూ ఒక వేలెత్తి చూపించింది.

"అమ్మాయ్, చూశావా?" అంది ముసలావిడ.

"చూశానమ్మా."

ఫోన్ వెనక ఎవరో తలుపు తట్టారు. "అత్తా" అన్న పిలుపు వానలోంచి సన్నగా వినిపించింది. వాకర్ నేల మీద ఆనిన చప్పుడైంది.

"మా వాడొచ్చాడు, తలుపు తియ్యాలి," అందావిడ. "ఈసారి ఆపి వెళ్లనులే."

ఫోన్ పెట్టడం మరిచిపోయి వెళ్లింది. తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించాక రిఫ్రెషక్క తన వైపు లైను కట్ చేసి, గది మూసింది.