లింటీ పడవ పక్క కుళాయి

"మూత బిగించడం చేతకాని ఇంటిదానివి. నీ టీ నీళ్ళలా ఉండక ఇంకెలా ఉంటుంది?"

"నీళ్ళలా ఉంటే మొహం కడుక్కో గిల్మర్. పదేళ్ళ మసి వదులుతుంది."

"నా మసి సంగతి సరే. మీ తమ్ముడు వాల్టర్ ఆ రోజు ట్యాంకు మూత సరిగ్గా తిప్పి ఉంటే లింటీలో మనిషి ఉడికి చచ్చేవాడా?"

"చచ్చింది వాడేగా! వాడు ఇంకెవర్నైనా చంపాడా? ఇరవై రెండేళ్ళయింది. ఇంకా ఎన్నిసార్లు చంపుతారు వాణ్ణి?"

ఎఫీ లాక్‌హెడ్ గిల్మర్ చేతిలోని కప్పు లాక్కుని టీ నేలమీద కుమ్మరించింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నిజం చెప్పాలి కదా. బల్ల చివర కూర్చున్న ముసలి డూగల్ రెన్నీ ఒక్కడే నవ్వలేదు. టోపీ తీసుకుని కాలువ గట్టుమీదికి వెళ్ళిపోయాడు.

ఇది కిర్కింటిలాక్ అనే కాలువ గట్టు ఊళ్ళో పాత పడవలు విరగ్గొట్టే యార్డు. గిల్మర్ మా మేస్త్రి. టీ పాక ఎఫీది. ఊళ్ళో సారా కొట్టు పెట్టనివ్వరు కాబట్టి మా తగాదాలన్నీ టీ దగ్గరే. కొత్త సంవత్సరం నాడు కాలువ మూసేశారు. ఆ వారం మా సుత్తుల కిందికి వచ్చిన పడవ లింటీ. డూగల్ దాని మీద నలభై ఏళ్ళు డ్రైవరు, అంటే ఆవిరి ఇంజను చూసేవాడు. రిటైరైన మనిషి, తన పడవ విరగడం చూడ్డానికి రోజూ వచ్చి కూర్చునేవాడు. నేను కాలేజీ మధ్యలో మానేసి సుత్తి పట్టినవాణ్ణి కాబట్టి అందరికీ నా పేరు "కాలేజీ".

సాయంత్రం డూగల్ గట్టుమీద దొరికాడు. సూటిగా అడిగేశాను.

"ఆ రోజు పడవలో మీరూ ఉన్నారట కదా. ఆవిడ తరఫున ఒక్క మాట అనలేకపోయారా?"

"కూర్చో కాలేజీ," అన్నాడు. "నీ గొంతు అచ్చం పోలీసోడిదే. ఏదో రోజు పనికొస్తుంది."

అలా మొదలైంది. మూడు సాయంత్రాలు పట్టింది.

డూగల్ తండ్రి కాలువ లాకుకి, అంటే పడవల్ని మట్టం మార్చి దాటించే తలుపుల గదికి, కాపలాదారు. పదహారో ఏట బొగ్గు ఎగదొయ్యడానికి లింటీ ఎక్కాడు, ఇరవై రెండుకల్లా డ్రైవరయ్యాడు. లాకులో మూరెడు చోటు కూడా మిగలనంత పొడుగు పడవ. పోతూ బొగ్గు, ఇసుక. వస్తూ పోత ఇనుము, కలప. పొద్దున బొగ్గుపార కడిగి, దాని మీదే చేపలు వేయించుకుని తినేవాళ్ళు. పిస్టన్ కదిలినప్పుడల్లా వాడిన ఆవిరి పొగగొట్టంలోంచి భుస్సుమని మసితో సహా బయటికి వచ్చేది. గట్టున బట్టలారేసే ఆడవాళ్ళు "ఒరే డూగల్, నా దుప్పట్ల మీద మళ్ళీ తుమ్మావు కదరా!" అని శాపనార్థాలు పెట్టేవాళ్ళు.

అంత ఆవిరి వదిలేస్తే బాయిలరుకి నీళ్ళు ఎక్కణ్ణించి? కాలువ నుంచే. పడవ పక్కకి ఒక కుళాయి ఉండేది. గాజు గొట్టంలో నీటి మట్టం తగ్గితే అది తిప్పడం, కాలువ లోపలికి రావడం. మంచినీళ్ళ కాలువ, దండిగా నీళ్ళు. ఇరవై ఏళ్ళు రోజుకి నలభై సార్లు. "తల వేరే పనిలో ఉండేది. చెయ్యే వెళ్ళి తిప్పొచ్చేది," అన్నాడు.

యుద్ధం వచ్చింది. ఉప్పు వాసన ఎరగని కాలువ పడవల్ని దీవులకి సరుకులు మొయ్యమని సముద్రంలోకి తోలారు. లింటీ మీద మంచినీళ్ళ ట్యాంకు ఒకటి బిగించి, ఇక నుంచి ట్యాంకు కుళాయే తిప్పు, పక్క కుళాయి ముట్టుకోకు అన్నారు. రేవులో ట్యాంకు నింపడం, అలలు పడకుండా మూత బిగించడం వాల్టర్ లాక్‌హెడ్ పని. ఇరవై ఆరేళ్ళవాడు, డెక్కు మీద పనిచేసేవాడు.

"మొదటి ట్రిప్పులోనే నా చెయ్యి పక్క కుళాయి మీదికి పోయింది. తిప్పాకగాని తెలీలేదు. కట్టేశాను. ఏమీ కాలేదు. ఇంకోసారి. ఆ శీతాకాలం ఎన్నిసార్లో దేవుడికే తెలియాలి. కొంచెం ఉప్పుకి ఇనుము చస్తుందా అనుకున్నాను."

ఉప్పు పొయ్యి పైరేకు మీద తెల్లగా పెచ్చు కట్టింది. పెచ్చు కింద రేకు ఎర్రగా కాలి ఉబ్బింది. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం జ్యూరా దీవి దగ్గర పగిలింది. ఆ సమయానికి డూగల్ గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చాడు. తడిసిన మేజోళ్ళు ఆరబెట్టుకోవడానికి వాల్టర్ కిందికి దిగాడు.

ఆవిరిలో ఉడికిన వాల్టర్‌ని పైకి లాగి డెక్కు మీద పడుకోబెట్టారు. కెప్టెను బాయిలర్లోంచి కారిన నీళ్ళు వేలితో అద్ది నాకి చూసి, "ఉప్పు! బాయిలర్లోకి ఉప్పెలా వచ్చింది?" అని అరిచాడు.

"ట్యాంకు మూత వదులుగా ఉందేమో," అన్నాడు డూగల్.

"ఆ మాట వాడు విన్నాడు. కళ్ళు కనపట్టం లేదు, చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. 'నేను బిగించలేదా డూగల్? బిగించాననే అనుకున్నానే' అన్నాడు. రెండు గంటలు బతికాడు. అదే మాట అడుగుతూనే ఉన్నాడు. నేను చెప్పలేదు."

"అది భయం," అన్నాను. "ఎవరైనా..."

"ఆగు. రేవు కనిపించాక నేను ట్యాంకు దగ్గరికెళ్ళాను. మూత బిగుసుకుపోయి ఉంది. అంత గట్టిగా బిగించాడు ఆ వెధవ. రెండు చేతులూ పట్టి అరచుట్టు వదులు చేశాను. కుళాయి తిప్పింది అలవాటు, కాలేజీ. ఇది అలవాటు కాదు."

విచారణ పావుగంటలో ముగిసింది. వదులైన మూత చూశారు, రాసుకున్నారు. లింటీకి కొత్త బాయిలరు వచ్చింది. డూగల్ పక్క కుళాయికి ఇనుప తీగ చుట్టి కట్టేశాడు. కాలువకి తిరిగొచ్చాక కూడా విప్పకుండా ట్యాంకు నీళ్ళే వాడాడు. ఎంత జాగ్రత్తపరుడో అని తోటి డ్రైవర్లు మెచ్చుకున్నారు.

వాల్టర్ తర్వాతి తమ్ముణ్ణి ఏ పడవా ఎక్కించుకోలేదు. అతను గనిలోకి దిగాడు. తల్లి చనిపోయేదాకా ఇంట్లోని జాడీల మూతలన్నీ రోజుకి పదిసార్లు తిరిగి బిగిస్తూ ఉండేదట. ఎఫీ టీ పాక పెట్టుకుంది. డూగల్ రోజూ అక్కడే టీ తాగేవాడు. ఆయనకి మాత్రం ఆవిడ రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసేది, చివరి గంటల్లో తమ్ముడి పక్కన ఉన్న మనిషని.

"వెళ్ళి ఆవిడకి చెప్పండి," అన్నాను.

"పాక గుమ్మం దాకా ఎన్నిసార్లెళ్ళానో! 'రా డూగల్, చలిగా ఉంది, కూర్చో' అంటుంది. కూర్చుంటాను."

"అయితే నాకెందుకు చెప్పినట్టు?"

చాలాసేపు దగ్గాడు. ఎదురుగా లింటీ పక్కరేకులు పోయి, లోపలి పక్కటెముకలన్నీ బయటపెట్టుకుని ఉంది.

"నువ్వు రాయగలవు. ఇదంతా రాయి. నన్ను మంచివాణ్ణి చెయ్యకు. సోమవారం పది గంటల టీకి, గిల్మరూ అందరూ ఉండగా, ఎఫీ ముందు నిలబడి పైకి చదువు. మూత సంగతి దగ్గరికొచ్చేసరికి నేను లేచి వెళ్ళిపోబోతాను, నా సంగతి నాకు తెలుసు. అప్పుడు నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టు."